కామేశం గారి చెరగని వరస

నేను ఒక తెల్లబోర్డును. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, చుట్టూ అల్యూమినియం చట్రం. మనుషులు నన్ను రాసుకోవడానికి కొంటున్నామనుకుంటారు. నా అనుభవంలో మాత్రం వాళ్ళకి నచ్చేది తుడవడం. రాసినదానికి మర్నాడు ఎవరూ పూచీ పడక్కర్లేదు కదా.

విశాఖపట్నం ఆటోనగర్‌లో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. పలచటి ఇనుప రేకుకి తెల్లపూత పూసి, ఆరబెట్టి, వెనకాల చెక్క బిగించారు. మొదట ఒక కోచింగ్ సెంటరు వాళ్ళు తీసుకెళ్ళారు. అక్కడ మూడేళ్ళపాటు రసాయనశాస్త్రం మోశాను. ఆ లెక్చరరు గారు ప్రతి సమీకరణం పక్కనా 'ముఖ్యం' అని రాసేవారు. అన్నీ ముఖ్యమే అయిపోయేసరికి పిల్లలు ఏదీ రాసుకోవడం మానేశారు. ఆ సెంటరు ఎత్తేసినప్పుడు, అదే భవనం నాలుగో అంతస్తులో కొత్తగా సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెడుతున్న ప్రభంజన్ గారు నన్ను చూసి ముచ్చటపడ్డారు. లిఫ్టులో పట్టకపోతే మెట్ల మీదుగా మోయించారు.

ఆఫీసులో ఆరుగురు. వాళ్ళకి దొరికిన మొదటి పెద్ద పని ఒక డయాలిసిస్ సెంటరుది. కిడ్నీలు పాడైనవాళ్ళు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు అక్కడ మిషను దగ్గర పడుకోవాలి. తొమ్మిది మిషన్లు, యాభై నలుగురు మనుషులు. ఎవరి వంతు ఏ రోజు, ఏ మిషను అన్నది అక్కడి హెడ్ నర్సు సుగుణ సిస్టర్ ఒక పొడుగాటి నోటుబుక్కులో రాసుకునేది. ఆ నోటుబుక్కు పనంతా ఇక కంప్యూటరు చేయాలి, ముందురోజే ప్రతి మనిషికీ ఫోనుకి కబురు పంపాలి. ఫలానా నెల ఒకటో తారీకు, సోమవారం నుంచి నోటుబుక్కు మూసేస్తామని సెంటరు యాజమాన్యం తేల్చి చెప్పింది. వంతు తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. ఈ మాట మొదటి రోజునే ప్రభంజన్ గారు నా మీద ఎర్ర ఇంకుతో రాశారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక తుడిచేశారు.

తుడిచి, ఆ చోట పనిముట్ల పట్టిక గీశారు.

పనిముట్లంటే ఏమిటో చెప్పాలి. మనం వెబ్‌సైట్లు చూసే బ్రౌజరుకి వచ్చింది ఒకటే భాషట. దాంట్లో రాస్తే తప్పులు తెలియకుండా జారిపోతాయని, మరింత కచ్చితమైన ఇంకో భాషలో రాస్తారు. దాన్ని బ్రౌజరుకి తెలిసిన భాషలోకి మార్చడానికి మధ్యలో ఒక అనువాదకుడు ఉంటాడు. మనిషి కాదు, అదీ ఒక ప్రోగ్రామే. ఈ అనువాదకుడు మహా చాదస్తుడు. ఎక్కడైనా ఖాళీ వచ్చేలా ఉంటే ముందే పట్టుకుని, ఇది ఖాళీగా ఉంటే ఏం చేయమంటావని అడుగుతాడు. ఆ చాదస్తం కోసమే అందరూ కలిసి ఆ భాషను ఎంచుకున్నారు. భాషను ఎంచుకోవడానికి పట్టింది ఒక్క పూట. దానికి కావలసిన సరంజామా ఎంచుకోవడానికి ఏడు వారాలు పట్టింది.

ఏ ఎడిటరులో రాయాలి, అనువాదం ఏది చేయాలి, అనువదించిన ముక్కలన్నిటినీ ఏది మూటకట్టాలి, రాతని ఏది చక్కగా సర్దాలి అంటూ నా మీద పదకొండు వరసలు, ఎనిమిది నిలువు గళ్ళు వెలిశాయి. గడి గడికీ మార్కులు. వాటి పేర్లు నేను చెప్పను. మీరు ఇది చదివేలోగా కొత్తవి వచ్చి ఉంటాయి. తెర నల్లగా ఉండాలా, ముదురు నీలంగా ఉండాలా అన్నదానికి రెండు రోజులు చర్చ నడిచింది. మంగళవారం గెలిచిన పనిముట్టు గురువారానికి పాతదైపోయేది, ఎవరో ఎక్కడో దాన్ని తిడుతూ ఒక వ్యాసం రాసేవారు. అంతే, నన్ను తుడిచేవారు. నా మీద ఆ పట్టికను ఏడుసార్లు గీశారు. అప్పటికి అప్పలకొండ అనే మనిషి పేరు మాలో ఎవరికీ తెలియదు.

మూడో వారంలో కామేశం గారు లేచారు. ఆయన వయసు యాభై ఎనిమిది. పాతికేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్ది, అది మూతపడ్డాక ఇక్కడికి చేరారు. తెర మీద కనబడే తెలుగు మాటలు సరిగా ఉన్నాయా, మీట నొక్కితే చెప్పింది జరుగుతోందా అని చూడడం ఆయన పని. అందరూ మాస్టారూ అని పిలుస్తారు, ఎవరూ ఏమీ అడగరు. ఆ రోజు ఆయన చేతికందిన మార్కరు తీసుకుని పట్టిక అడుగున పన్నెండో వరస రాశారు. గుండ్రటి అక్షరాలు.

'తప్పు బయటపడిన చోటి నుంచి తప్పు పుట్టిన చోటికి దారి చూపేది ఏది?'

ఆఫీసులో ముఖ్యమైన ప్రోగ్రామరు హేమసుందర్. ఇరవై తొమ్మిదేళ్ళవాడు, మర్యాద తెలిసినవాడు. నవ్వి, "కొత్త భాషలో తప్పులే రావు మాస్టారూ. అందుకే గదా దీన్ని ఎంచుకున్నాం," అన్నాడు. కామేశం గారు తల ఊపి కూర్చున్నారు. హేమసుందర్ ఆ వరస తుడవబోయాడు. అది చెరగలేదు.

మాస్టారి చేతికందింది పార్సిళ్ళ మీద అడ్రసులు రాసే మార్కరు. ఆ ఇంకు వేసిన చోటు వదలదు. నీళ్ళతో రుద్దారు, సబ్బుతో రుద్దారు, ఎవరో ఇంటి నుంచి కొబ్బరినూనె తెచ్చారు. పనిముట్ల మీద అంత పట్టుదల చూపిన ఆరుగురూ ఒక్క వరసను చెరపలేకపోయారు. చివరికి దాని మీద ఒక బిర్యానీ సెంటరు కరపత్రం పెట్టి నాలుగు అయస్కాంతాలు తగిలించారు. నాకు మటుకు ఆ వరస బరువనిపించలేదు. రాసినది నిలబడడం నాకదే మొదటిసారి. గర్వపడ్డానని ఒప్పుకుంటాను.

ఎలాగైతేనేం, పనిముట్లు కుదిరాయి. మిగిలిన మూడు వారాల్లో హడావిడిగా ప్రోగ్రాం రాశారు. నెలాఖరు వారంలో నోటుబుక్కూ కంప్యూటరూ పక్కపక్కనే పెట్టి నడిపి చూశారు. శుక్రవారం ఉదయం సుగుణ సిస్టర్ ఫోను చేసింది. నోటుబుక్కులో యాభై నలుగురు ఉన్నారు, కంప్యూటరులో యాభై ముగ్గురే కనబడుతున్నారంది. లేని మనిషి పేరు అప్పలకొండ. మంగళ, గురు, శనివారాలు, నాలుగో మిషను. నోటుబుక్కు ఇంకా తెరిచే ఉంది కాబట్టి ఆ వారం ఎవరికీ ఏమీ కాలేదు. సోమవారం అది మూసేస్తారు. మంగళవారం అప్పలకొండకి కబురు వెళ్ళదు, ఆమె పేరు మిషను దగ్గర ఉండదు.

ఆమె పేరు మళ్ళీ ఎక్కించారు. వంతుల జాబితా తయారయ్యేసరికి మళ్ళీ మాయమైంది. తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఒక తప్పు కనబడింది. ఒకటో పంక్తి, నలభై ఎనిమిది వేల రెండు వందల పదమూడో అక్షరం దగ్గర 'టి' అన్నది ఖాళీగా ఉందట. వీళ్ళు రాసింది మూడువేల పంక్తులు. అందులో 'టి' అని ఎవరూ ఏదీ రాయలేదు. మూటకట్టే పనిముట్టు చోటు కలిసొస్తుందని అన్నిటినీ ఒకే పంక్తిగా కలిపేసి, పేర్లన్నీ ఒక్కో అక్షరానికి కుదించేసింది. పట్టికలో దానికి పదికి తొమ్మిదిన్నర మార్కులు వచ్చింది అందుకే. ఇక ఆమె వివరాల్లో ఖాళీలంటారా, చాలానే ఉన్నాయి. పుట్టిన తేదీ లేదు, పిన్‌కోడు లేదు, ఇమెయిలు లేదు, ఫోను లేదు. వాటిలో ఏ ఖాళీ ఈ పని చేసిందో ఎవరికీ అంతుపట్టలేదు.

శుక్రవారమంతా వెతికారు. శనివారం పొద్దున్నే ప్రభంజన్ గారికి ఓపిక అయిపోయింది. అసలు భాషనే తప్పు ఎంచుకున్నామేమో, పనిముట్లన్నీ మళ్ళీ మొదటి నుంచి చూద్దామన్నారు. మంగళవారం ఒక మనిషి ఊపిరాడక అల్లాడిపోయేలా ఉంటే, వీళ్ళు ఎనిమిదోసారి పట్టిక గీస్తామంటున్నారు. నాకు నోరు లేకపోవడం నన్ను ఎన్నడూ అంతగా బాధించలేదు. ఆయన డస్టరు తీసుకుని నన్ను బరబరా తుడిచారు. ఆ ఊపుకి అయస్కాంతాలు జారి, బిర్యానీ కరపత్రం కింద పడింది. నా మీద ఆ ఒక్క వరస మిగిలింది.

అందరూ చదివారు.

"ప్రెస్సులో అచ్చుప్రూఫు అంచున రాతప్రతి పేజీ నెంబరు వేసేవాళ్ళం నాయనా," అన్నారు కామేశం గారు. "అచ్చులో తప్పు కనబడితే, అది అచ్చు కూర్చినవాడిదా, రాసినవాడిదా అని చూడొద్దూ? మీ అనువాదకుడు అలాంటి నెంబరేమీ వేయడా?"

వేస్తాడు. దాని పేరు సోర్స్ మ్యాప్. మార్చిన భాషలోని ఏ అక్షరం అసలు రాతలో ఏ పంక్తి నుంచి వచ్చిందో చెప్పే ఒక ఫైలు. సెట్టింగుల్లో ఒక చోట 'వద్దు' అని ఉన్నదాన్ని 'కావాలి' అని మారిస్తే చాలు. ఎవరో వెబ్‌సైట్లో పెట్టిన సెట్టింగులను హేమసుందర్ ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించుకున్నాడు. అందులో అది వద్దని ఉంది, ఇతనూ వద్దనే ఉంచాడు. ఏడు వారాలు ఎంచిన సరంజామాలో అసలు ఎంచుకోవలసింది ఎంచుకోకుండానే వచ్చి కూర్చుంది. మార్చి మళ్ళీ అనువదించడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. ఎర్ర అక్షరాలు ఈసారి తెలిసిన పేరే చెప్పాయి. ఫోనుకి కబురు పంపే ఫైలు, రెండువందల పన్నెండో పంక్తి.

ఆ పంక్తిలో 'ఫోను' అన్న మాట పక్కన ఒక ఆశ్చర్యార్థకం ఉంది. ఆ భాషలో దానికి అర్థం ఉంది. అనువాదకుడు ఇది ఖాళీగా ఉంటే ఎలాగని అడిగినప్పుడు, ఖాళీగా ఉండదు, నాకు తెలుసు, నువ్వు ఊరుకో అని చెప్పడానికి పెట్టే గుర్తు. చాదస్తం కోసం ఏరికోరి తెచ్చుకున్నవాడి నోరు మూయించడానికి అదే భాషలో వీలుంది. గుర్తు పెట్టింది హేమసుందర్. ఫోను ఖాళీగా ఉన్న మనిషి తగలగానే ప్రోగ్రాం అక్కడ తడబడి, ఆ పేరునే జాబితాలోంచి వదిలేసేది. ఒక మనిషికి ఫోను లేకుండా ఉంటుందని ఆరుగురిలో ఎవరికీ తోచలేదు.

హేమసుందర్ ముఖం చిన్నబోయింది. తను రాసిందేనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆ మాటకి అతనంటే నాకు గౌరవం కలిగింది. గుర్తు తీసేశాడు. తీయగానే అనువాదకుడు మూడు వారాల కిందట అడగబోయిన ప్రశ్నే మళ్ళీ అడిగాడు. ఫోను ఖాళీగా ఉంటే ఏం చేయాలి? ఫోను లేకపోతే కబురు పంపడం మానేసి ముందుకెళ్ళమందామన్నాడు హేమసుందర్. అలాగైతే పేరు జాబితాలో ఉంటుంది గానీ ఆమెకి తెలిసేదెలా అని కామేశం గారు అడిగారు. "రాతప్రతి చూద్దాం పద," అన్నారు.

నేను గోడ దిగి వెళ్ళలేదు. సాయంత్రం వాళ్ళు డయాలిసిస్ సెంటరు నుంచి తిరిగొచ్చి చెప్పుకున్నదే మీకు చెబుతున్నాను. సిస్టర్ నోటుబుక్కులో అప్పలకొండ పేరు పక్కన ఫోను గడి అసలు ఖాళీగా లేదు. 'ఫోను లేదు. పెందుర్తి పాల బూత్ నారాయుడికి చెబితే చాలు' అని రాసి ఉంది. వివరాలు కంప్యూటరుకి ఎక్కించేటప్పుడు ఆ గడి పది అంకెలు తప్ప మరేదీ తీసుకోలేదు. ఎక్కించినవాళ్ళు వేరే దారిలేక వదిలేశారు. ఆ రోజు శనివారం, నాలుగో మిషను మీద ఆవిడే పడుకుని ఉంది. హేమసుందర్ వెళ్ళి, ఫోను లేకపోవడం వల్ల తమ లెక్కలో మీ పేరు రాలేదమ్మా, తప్పు మాదేనని చెప్పుకున్నాడట. ఆవిడ అతన్ని ఎగాదిగా చూసిందట.

"నాకు పోను నేదు గానీ నేనున్నాను గదా బాబూ," అందట.

ఆ మాట చెప్పి హేమసుందర్ తన తెర ముందు కూర్చున్నాడు. తర్వాత ప్రోగ్రాంలో ఇంకో గడి చేర్చాడు, ఫోను లేకపోతే ఎవరికి చెప్పాలి అని. సోమవారం నోటుబుక్కు మూశారు. మంగళవారం అప్పలకొండ వచ్చింది. నారాయుడు చెప్పాడంది.

ఏడాది తర్వాత ఆఫీసు పెద్ద భవనంలోకి మారింది. అక్కడ గోడలే గాజువట, వాటి మీదే రాస్తారట. నా అవసరం తీరిపోయింది. పాతసామాన్ల ఆటోలోకి ఎక్కించబోతుంటే కామేశం గారు ఆపి, డయాలిసిస్ సెంటరుకి పంపించారు. కరెంటు పోయి కంప్యూటరు ఆగినప్పుడు వంతులు రాసుకోవడానికి సుగుణ సిస్టర్‌కి ఒక బోర్డు కావాలట. వచ్చిన రోజునే ఆమె నన్ను పరకాయించి చూసింది. దూదికి ఇంజెక్షనుకి ముందు రాసే స్పిరిటు అద్ది, కామేశం గారి వరసను అర నిమిషంలో తుడిచేసింది. నాకు గుండె చివుక్కుమంది. సబ్బుకీ కొబ్బరినూనెకీ లొంగనిది అలా పోయింది. అందులో ఏం రాసి ఉందో ఆమె చదవను కూడా లేదు.

కామేశం గారు నెలకోసారి సుగుణ సిస్టర్ని పలకరించి పోతుంటారు. గాజు గోడల మీద ఇంకేదో కొత్త భాషకి పనిముట్లు ఎంచుతున్నారనీ, తొమ్మిదో వారం నడుస్తోందనీ మొన్న ఆయనే చెప్పారు. హేమసుందర్ మాత్రం ఈసారి మొట్టమొదటి వరసగా మాస్టారి ప్రశ్న రాశాడట. అదీ పార్సిళ్ళ మార్కరుతోనే.

కరెంటును నమ్మలేక ఇక్కడ రోజూ పొద్దున నా మీద వంతులు రాస్తారు, సాయంత్రం తుడుస్తారు. పేర్లు, మిషన్లు, సమయాలు అన్నీ పోతాయి. కుడిపక్క కింద మూల 'అప్పలకొండ: పాల బూత్ నారాయుడు' అని సిస్టర్ రాసినది మాత్రం అలాగే ఉంటుంది. మొన్న కొత్తగా చేరిన నర్సు ఒకామె దాన్ని తుడవబోయింది.

"అది ఉండనీ అమ్మా," అంది సుగుణ సిస్టర్. "రేపు మంగళవారం."