దిగని గీత

హరిత లెక్కలు చదివిన పిల్ల. హెచ్‌ఐవీ మందు మొదలుపెట్టాక ఒంట్లో వైరస్ ఎలా తగ్గుతుందో కంప్యూటర్లో గీత గీసి చూపడం ఆసుపత్రిలో ఆమె పని. ఆ గీత మొదట గబగబా జారి, తర్వాత నెమ్మదిగా నేలకు అంటుకోవాలి. అందరివీ బుద్ధిగా అలాగే దిగాయి, యాడికి అనే ఊరి వైపు నుంచి వచ్చే ఎస్తేరుది తప్ప. ఆమెది కొంత దిగి, మొండికేసి కూర్చుంది.

హరితకు తల తిరిగిపోయింది. మాత్రలు మానేసిందా అంటే, డబ్బా నెలనెలా సరిగ్గా ఖాళీ అవుతోంది. వైరస్ మందుకు లొంగడం లేదా అంటే, గీత మళ్ళీ పైకి ఎగబాకాలి. ఇది ఎటూ పోదు. రక్తం సీసాలు తారుమారయ్యాయేమోనని ల్యాబ్ వాళ్ళ ప్రాణం తీస్తే, వాళ్ళు కసురుకున్నారు. డాక్టరేమో ఈసారి మందు మార్చేద్దామన్నాడు. ఉన్న మందులే కొన్ని. తప్పుగా మారిస్తే ఆ మనిషి బతుకుతో ఆడుకున్నట్టేనని హరితకు భయమేసింది.

ఆఖరికి విసుగొచ్చి, లెక్కలో మందు బలం తగ్గించి చూసింది. సగానికి తేగానే గీత పోయి ఎస్తేరు రక్తపరీక్షల చుక్కల మీద కూర్చుంది. నిండు మాత్ర మింగితే ఒంట్లో పనిచేసేది సగమా? ఇదేం చోద్యమో ఆమెకు అంతుపట్టలేదు.

ఎస్తేరు వచ్చిన రోజు ఆ గీతే చూపించింది. "అక్కా, నువ్వు సగం మాత్రే మింగుతాండావని ఇది చెప్తాంది. నిజమేనా?"

ఎస్తేరు ముఖం పాలిపోయింది. "ఎవురు చెప్పినారమ్మా నీకు?"

ఎవరూ చెప్పలేదనేసరికి ఎస్తేరు కొంగు నలుపుతూ చెప్పింది. "మా ఇంటాయన జోయల్‌కూ ఈ జబ్బుండాది. తెలిసినోళ్ళు చూస్తారని ఈడికి రాడు. మాత్ర విరిచి ఇద్దరమూ మింగుతాండాము. కొంచెం తగ్గింది కదా, చాల్లే అనుకుంటి."

"సగం సగమైతే ఇద్దరికీ పనిచేయదక్కా."

ఎస్తేరు అయోమయంగా చూసింది. "అట్లయితే ఎవురి మాత్ర నిలపల్లమ్మా? నాదా, ఆయప్పదా?"

ఇన్నాళ్ళూ హరిత లెక్కలో ఉన్నది ఒక్క మనిషే. "ఆయన యాడుండాడిప్పుడు?" అంది.

"గేటు బయట, ఆటోలో."

హరిత చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచింది. ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనిషి ఆమెను చూసి ఆటో స్టార్ట్ చేయబోయి, ఆగాడు.

"మేడం, మా ఎస్తేరుకు తగ్గుతాండాదా?"

"నువ్వు లోపలికొస్తేనే తగ్గుతాదన్నా."

జోయల్ కాసేపు గేటు వంక చూశాడు. తర్వాత ఆటో తాళం తీసి జేబులో వేసుకున్నాడు.