తలుపు కింద వైరు

“చాయ్‌కి నీళ్లు వెట్టినవా?” అని అత్తమ్మ అడిగేసరికి నేను మంచం కింద సగం దూరి వైరు తడుముతున్నాను. పెట్టానని చెప్పాను. అబద్ధం. వైరు ఎక్కడ వదులైందో చూసి, లేచి, ఆ తర్వాత పెడదామనుకున్నాను. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో కుటుంబ ప్రార్థన. మరిపెడలో మా చర్చి సంఘం వాళ్లు వారానికొక ఇంట్లో కూడుకుంటారు, ఈ వారం మా వంతు. అంటే ఇల్లు కడగడం నా వంతు, చాపలు పరవడం నా వంతు, ఉప్మా నా వంతు, చాయ్ నా వంతు. ‘మా వంతు’ అన్న మాటలో ఆ ‘మా’ ఎవరో పెళ్లయిన కొత్తలోనే నాకు తెలిసొచ్చింది.

నా ఉద్యోగం ఉంటుందో పోతుందో తేలేది కూడా ఆ మధ్యాహ్నమే. హైదరాబాదులో ఒక బీమా కంపెనీ. పాలసీ ఉన్నవాళ్లు ఫోన్ చేస్తే నేను ఇంట్లోనే కూర్చుని ల్యాప్‌టాప్‌లో ఎత్తి జవాబు చెప్పాలి. ఇన్నాళ్లూ ట్రైనింగ్. ఈ రోజు పెద్ద సారు నా కాల్స్ వింటాడు, నచ్చితే పర్మనెంట్. వైఫైలో మాట తెగుతుందని వాళ్లు ఒప్పుకోరు, వైరే కావాలి. ఈ పల్చటి ల్యాప్‌టాప్‌కేమో వైరు పెట్టే చోటే లేదు. అందుకని అగ్గిపెట్టెంత అడాప్టర్ ఒకటి పంపారు. దాని ఒక కొస ల్యాప్‌టాప్‌లోకి, రెండో కొసలోకి వైరు. అంతా సరిగ్గా ఉంటే దాని మీద పచ్చ లైటు వెలుగుతుంది. పొద్దున లేస్తే ప్రభువుకన్నా ముందు ఆ లైటునే చూసేదాన్ని. ఆయన క్షమించు గాక.

వైఫై డబ్బా హాల్లో ఉంటుంది, నేను పనిచేసేది వెనక మంచం, బియ్యం బస్తాలు ఉన్న గదిలో. వైరు వెయ్యడానికి వచ్చిన ఉపేందర్ గోడకు చిన్న బొక్క పెడతానంటే మా ఆయన రాజ్‌కుమార్ ఒప్పుకోలేదు. “మొన్ననే రంగులేసినం. నీ టైంపాస్ పనికి గోడ ఖరాబు చేసుకుంటమా?” అన్నాడు. వైరు తలుపు కింది నుంచి వచ్చింది. ఉపేందర్ పోతూ పోతూ, “అక్కా, తలుపు గట్టిగ మూయకుండ్రి. నలిగితే లోపల తీగ తెగుతది” అని నాకు చెప్పాడు. తలుపు మూసేది నేనైతే కదా! వానలకు చెక్క ఉబ్బి అది నేలను గీరుకుంటుంది, కాలితో తంతే గానీ పడదు. చుట్టాలొచ్చినప్పుడల్లా ఇంట్లోవాళ్లు దాన్ని తన్ని మూసేవాళ్లు. లైటు వెలుగుతూ ఆరుతూ ఉండడం అప్పుడే మొదలైంది.

పగలంతా కూసొని ముచ్చట వెట్టుడు గూడ పనేనా అని రాజ్‌కుమార్ నవ్వుతాడు. పనే. నిరుడు ఐదో నెలలో నా కడుపు పోయింది. మహబూబాబాద్ దవాఖాన నుంచి వచ్చాక ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడేవాళ్లు. అత్తమ్మ తల దువ్వేది, అన్నం కలిపి పెట్టేది, ఉన్నమాట చెప్పాలి. ఏడవనిచ్చేది మాత్రం కాదు. “ఏడ్వకు బిడ్డా, మల్ల నిలుస్తది” అనేది. మళ్లీ నిలుస్తుందో నిలవదో అని కాదమ్మా నేనేడ్చింది, పోయినదాని కోసం. ఆ తేడా చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మొగుడు చనిపోయిన ఒకావిడ ఏ కాగితాలు పంపాలో అడుగుతూ అడుగుతూ ఏడ్చేసింది. హెడ్‌ఫోన్లో ఆమె ఏడుపు వింటూ ఈ బస్తాల మధ్య నేనూ ఏడ్చాను. ఆ రోజు నాకు అన్నం సహించింది.

చేరతానన్నప్పుడు రాజ్‌కుమార్, “నీ ఇష్టం. నేనేం అడ్డం జెప్ప” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను. నోరు దురుసే గానీ మనసు మంచిదని మా అక్కకు ఫోన్లో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మంచం కింద వైరు కాస్త సవరిస్తే లైటు వచ్చింది. అమ్మయ్య అనుకుని పరుగున వెళ్లి చాయ్ కాచి, ఫ్లాస్కుల్లో పోసి, వచ్చి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాను. హాల్లో చాపల నిండా ఆడవాళ్లు. రాజ్‌కుమార్ చేతిలో కంజీరతో గుమ్మం దగ్గరికి వచ్చాడు.

“నీ హలో హలోలు ప్రార్థనల వినబడొద్దు” అని తలుపు నెట్టాడు. పడలేదు. తన్నాడు. పడింది. పచ్చ లైటు ఆరిపోయింది.

మా టీం లీడర్ శారదకు మొబైల్లో ఫోన్ చేశాను. జనగామ మనిషి, నా కష్టం తెలిసిన మనిషి. “పరేషాన్ గాకు హరితా. అడాప్టర్ పీకి పక్క దాంట్ల పెట్టు” అంది. పెట్టాను. ఆపి మళ్లీ ఆన్ చెయ్యమంది, చేశాను. తెర మీద ఏం రాసుందో చదవమంది. వైరు తగల్లేదని రాసుంది.

“అంటే అడాప్టర్ మంచిగనే ఉన్నది. వైరే తెగింది. అడాప్టర్ పెట్టెల ఒక పొట్టి వైరు వచ్చింది జూడు, అది తీస్కొని డబ్బా దగ్గరికే పో. సార్ ఇంక లైన్లనే ఉన్నడు. జల్ది!”

కంగారులో తలుపు లాగాను. అటువైపుకు నెట్టి తెరవాల్సిన తలుపది. నెట్టాను. అవతల ఎవరో ఆనుకుని కూర్చున్నారు, బరువు తెలుస్తోంది. ‘జర తలుపు తియ్యి’ అని రాజ్‌కుమార్‌కు మెసేజ్ పెట్టాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. హాల్లో పాడుతున్న పాట అయిపోయాక వస్తాడనుకున్నాను. పాట అయిపోయింది. కంజీర కింద పెట్టిన చప్పుడు కూడా వినిపించింది. రాలేదు.

నేల మీద కూలబడి తలుపు కింద వేళ్లు పెట్టి చూశాను. ఒకచోట వైరు చదునుగా నలిగిపోయి ఉంది. రోజూ ఈ వేళకు నా చెవుల్లో ఎవరో ఒకరు మాట్లాడుతూ ఉంటారు కాబట్టి హాల్లో మాటలు నాకు వినపడవు. ఇప్పుడు అన్నీ వినిపిస్తున్నాయి. పాస్టరమ్మ ఒక్కొక్కరినీ ప్రార్థన అంశాలు అడుగుతోంది. ఒకామెకు కొడుకు జ్వరం తగ్గాలి. ఇంకొకామెకు బోరులో నీళ్లు పడాలి. తర్వాత మా అత్తమ్మ గొంతు.

“ప్రభువా, నిరుడు మా కోడలు కడుపు పోయిన సంగతి నీకెరుకే. గా పిల్ల మనసు గా డబ్బాల చిక్కుకున్నది తండ్రీ. గా కొలువు తీసెయ్యి. ఇయ్యాల్నే తీసెయ్యి. మల్ల ఇంటి మీదికి మనసు మళ్లించు, దాని కడుపు నిలవెట్టు.”

కడుపు పోయిన సంగతి సంఘంలో చెప్పొద్దని ఆమె చేతులు పట్టుకుని అడిగాను. చెప్పనని మాటిచ్చింది. కోపం రావలసింది, రాలేదు. నా మీద ప్రేమతోనే నా పని పోవాలని దేవుణ్ని అడుగుతోంది. అది తట్టుకోలేక మోకాళ్ల మీద తల పెట్టుకున్నాను.

“ఆమెన్” అన్నారంతా. అందరికన్నా గట్టిగా ఒక మగ గొంతు అంది. ఆ గొంతు నాకు నిద్రలో కూడా తెలుసు. ‘నీ ఇష్టం’ అన్న గొంతే.

లేచాను. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని, పొట్టి వైరు పళ్లతో పట్టుకుని, భుజంతో తలుపును ఒక్క తోపు తోశాను. తలుపుకు ఆనుకున్నామె “అయ్యో” అంటూ జరిగింది. కొంగులు కప్పుకున్న తలలన్నీ నావైపు తిరిగాయి. వాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లి వైఫై డబ్బా కింద కూర్చుని వైరు పెట్టాను. పచ్చ లైటు వెలిగింది.

“ఏంది గిది? గిందరి ముంగట ఇజ్జత్ తీస్తున్నవ్” అంటూ రాజ్‌కుమార్ తలుపు వైపు వెళ్లాడు.

“మూయకు” అన్నాను. “వైరు తెగింది గాడనే.”

అతని చెయ్యి తలుపు మీదే ఆగింది. ఈలోపు శారద మెసేజ్ వచ్చింది. సార్ లైన్లోంచి వెళ్లిపోయాడట. తను బతిమాలితే ఇంకో నెల ట్రైనింగ్‌లోనే ఉంచుతామన్నారట. మళ్లీ ఇట్లా అయితే తన చేతిలో లేదట. అత్తమ్మ ప్రార్థన సగం నెరవేరింది. కళ్లల్లో నీళ్లు ఆగలేదు, నేనూ ఆపలేదు.

పాస్టరమ్మ మంచి మనిషి. నా పక్కకు జరిగి, “నీకేమన్న ప్రార్థన అంశం ఉన్నదా బిడ్డా?” అంది. అందరి చూపులూ నా కడుపు మీద ఉన్నాయి. నేనేం అడుగుతానో వాళ్లకు ముందే తెలుసు.

“ఉన్నదమ్మా. పోయింది ఆడపిల్ల. దవాఖానల నర్సమ్మ చెప్పింది. వచ్చేటోళ్ల కోసమే అందరు అడుగుతున్నరు. పోయినామె కోసం ఇంతవరకు ఎవ్వరు అడగలె. గామె కోసం ఒక్కసారన్న అడుగుండ్రి.”

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆడపిల్లని ఆమెకూ తెలియదు. చెప్పాలంటే ఏడవాలి, ఏడవనిస్తే కదా.

“ఇంకొకటున్నది. నా కొలువు నిలువాలె.”

ఆమెన్ కోసం ఆగాను. ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. ఇందాక అందరికన్నా గట్టిగా అన్న మనిషి వైపు చూశాను. తల దించుకుని కంజీర గజ్జెలు వేలితో తిప్పుతున్నాడు. తెరిచిన తలుపులోంచి నా బియ్యం బస్తాలు, నా ఖాళీ కుర్చీ కనిపిస్తున్నాయి. రేపు ఆ కుర్చీ ఇక్కడికి తెచ్చుకుంటాను.

“ఆమెన్” అన్నాను, నేనే.