చిన్న చుక్కల తరఫున

పట్టపగలే జనానికి చుక్కలు చూపించడం ఆ పళ్ల డాక్టరు వృత్తి. చీకటి పడ్డాక డాబా ఎక్కి తాను చుక్కల్ని ఫోటోలు తీసుకోవడం ఆయన సరదా. ఈ మాట వచ్చిన ప్రతి పేషెంటుకూ చెప్పి, ముందు తనే నవ్వేవాడు. పేషెంటు నోట్లో దూది ఉండేది కాబట్టి ఆ హాస్యం ఎలా ఉందో ఆయనకు ఎవరూ చెప్పలేకపోయారు.

అంత ముచ్చటపడి కొన్న కొత్త కెమెరా ఆయన్ను దెబ్బకొట్టింది. పాత డొక్కు కెమెరాలో పడ్డ చిన్న చిన్న నక్షత్రాలు కొత్తదాంట్లో లేవు. ముందు తన కళ్లను అనుమానించాడు, తర్వాత మబ్బుల్ని, ఆ తర్వాత ఎదురింటి ముందున్న వీధిదీపాన్ని. చివరికి తనలాంటి చుక్కల పిచ్చివాళ్లు పోగయ్యే ఇంటర్నెట్ గుంపులో అసలు సంగతి తెలిసింది. చీకట్లో కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచి తీస్తే ఫోటోలో అక్కడక్కడా తెల్లమచ్చలు పడతాయి. వాటిని తుడిచేయడానికి కెమెరాలోనే ఓ ప్రోగ్రాం పెట్టారు. అది మచ్చలతోపాటు చిన్న నక్షత్రాల్నీ తుడిచిపారేస్తోంది. ఆపుదామంటే ఎక్కడా మీట లేదు.

కంపెనీకి రాస్తే, కెమెరా చక్కగా ఉందనీ, మెత్తటి గుడ్డతో లెన్సు తుడుచుకోమనీ జవాబొచ్చింది. డాక్టరుకు ఒళ్లు మండింది.

"వీళ్ల సంగతి తేల్చకుండా వదల్ను," అన్నాడు భార్యతో.

ఆవిడ లెక్కల టీచరు. దిద్దుతున్న పేపర్ల మీంచి తలెత్తకుండా, "ముందు బాత్రూం కొళాయి సంగతి తేల్చండి," అంది.

కొళాయి అలా కారుతూనే ఉంది. డాక్టరు ఉద్యమం మొదలుపెట్టాడు. గుంపు ఆయన్ను నాయకుణ్ణి చేసింది. మిగతావాళ్లెవరికీ తీరిక లేదన్నది అసలు కారణం. ఆయన మాత్రం దాన్ని తన ప్రతిభ అనుకున్నాడు. గుంపు సంతకాలు చాలక పేషెంట్లతో కూడా పెట్టించాడు. చేతిలో డ్రిల్లు ఉన్నవాడు అడిగితే కాదనే ధైర్యం ఎవరికుంటుంది? ఒక పెద్దాయన మాత్రం కుర్చీలో లేచి కూర్చుని, "పెడతాగానీ బాబూ, ఇంతకీ నువ్వు పీకేది నా పన్నునా, ఆ కంపెనీనా?" అన్నాడు.

పోరు పడలేక కంపెనీ గుంపు మొత్తంతో వీడియోలో మాట్లాడటానికి ఒప్పుకుంది. డాక్టరు తెల్లటి ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొంతు సవరించుకుని, తన బ్రహ్మాస్త్రం తీశాడు. ఒక ఫోటో, అందులో మాయమైన నక్షత్రం చోట ఎర్రబాణం.

కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "డాక్టరుగారూ, ఇది కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టే పంపారా?"

"అంతేనండీ. కంప్యూటర్లో కాస్త శుభ్రం చేశానంతే. మీలాంటివాళ్లకు పంపేటప్పుడు నీటుగా ఉండాలి కదా అని."

"ఆ శుభ్రంలోనే పోయిందండీ. శుభ్రం చేయకముందటి ఫైలు కూడా మీరే జతచేశారు. అందులో ఈ చుక్క ఉంది."

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు ముఖం చొక్కా కంటే తెల్లబడింది. కంపెనీవాళ్లు మర్యాదగా నమస్కారం పెట్టి సెలవు తీసుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం భార్య క్యారేజీ పట్టుకుని వచ్చేసరికి ఆయన పేషెంట్ల కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు.

"నా పరువు పోయింది. నలుగురిలో నవ్వులపాలయ్యాను."

"అయ్యారు," అంది ఆవిడ, క్యారేజీ విప్పుతూ. "అయితే? మీరు తప్పు చేసినంత మాత్రాన కెమెరా మంచిదైపోతుందా? మా బళ్లో పిల్లలు తప్పు చేస్తే లెక్క మళ్లీ చేయిస్తాం. చుక్కలెన్నున్నాయో ముందే తెలిసిన ఆకాశం ఒకటి తయారుచేసుకోండి."

అన్నం సగంలో వదిలేసి డాక్టరు లేచాడు. నల్లటి అట్ట తెచ్చి, పళ్లు తొలిచే సన్నటి ముళ్లతో దానికి బెజ్జాలు పెట్టాడు. కొన్ని పెద్దవి, కొన్ని కంటికి ఆననంత చిన్నవి.

"ఈ అట్టకి ఇన్ని పళ్లు పుచ్చాయేంటండీ?" అంది నర్సమ్మ.

ఎక్స్‌రేలు చూసే లైటుపెట్టె ముందు అట్టను నిలబెట్టి, తెరలన్నీ దించి, వరండా చివర్నుంచి రెండు కెమెరాలతోనూ తీశాడు. నర్సమ్మ వేలుపెట్టి లెక్కపెట్టింది. పాతదాంట్లో బెజ్జాలన్నీ ఉన్నాయి. కొత్తదాంట్లో పెద్దవే మిగిలాయి.

ఈసారి ఆయన ఏదీ శుభ్రం చేయలేదు. ముందు తన తెలివితక్కువ పని చెప్పుకుని, తర్వాత అట్ట సంగతి చెప్పి, మీరూ చేసి చూడండని గుంపులో పెట్టాడు. నవ్వినవాళ్లే వంటగదుల్లో అట్టలకు సూదులు గుచ్చడం మొదలుపెట్టారు. అందరికీ అదే ఫలితం. వాటినన్నిటినీ కట్టగట్టి ఇంజనీరమ్మకు పంపారు. ఆవిడ తన కెమెరాతో కూడా చేసి చూసినట్టుంది. "మీ మాటే నిజమండీ," అని ఒక్క ముక్క రాసింది. కొన్నాళ్లకు కంపెనీ ఆ ప్రోగ్రాంను ఆపుకునే వీలు కల్పించింది. ప్రకటనలో "చిన్నపాటి మెరుగులు" అని ఉంది. ఆ మాట ఫ్రేము కట్టించుకుందామా అని డాక్టరు ఒక పూటంతా ఆలోచించి, సిగ్గేసి మానుకున్నాడు.

మబ్బులు విడిచాక కొత్త ఫోటోలు తీసి, పొద్దున్నే భార్య ముందు పరిచాడు. ఆకాశం నిండా చుక్కలు, పిండి చల్లినట్టు.

"బాగుంది. ఇందులో నక్షత్రాలేవి, మచ్చలేవి?"

డాక్టరు ఫోటో మీదికి వంగి కళ్లు చికిలించి చూశాడు.

"కెమెరా కాస్త జరిపి తీసిన ఫోటో ఇంకోటి ఉందా? మచ్చ కెమెరాది, కాబట్టి ఫోటోలో ఉన్నచోటే ఉంటుంది. నక్షత్రాలైతే అన్నీ కలిసి పక్కకు జరుగుతాయి."

సరిగ్గా ఈ సంగతే గుంపులో ఎవరికో తాను గొప్పగా బోధించినట్టు ఆయనకు గుర్తొచ్చింది. రెండో ఫోటో తెచ్చి పక్కన పెట్టాడు. ఆవిడ ఎర్రసిరా పెన్ను తీసి, రెండిటినీ పోలుస్తూ ఒక్కో మచ్చనే కొట్టేసుకుంటూ వచ్చింది. మూలనున్న, ఆయనకు అన్నిటికంటే నచ్చిన చుక్క దగ్గర పెన్ను ఆగింది.

"అది వదిలెయ్. అది నక్షత్రమే," అన్నాడు.

"రెండిట్లోనూ ఉన్నచోటే ఉందండీ."

"ఇంకోసారి చూడు."

ఆవిడ ఆయన కోసం ఇంకోసారి చూసి, కొట్టేసింది.