ఉమ్మడి పొగగొట్టం

అటక ఖాళీ చేద్దామని మా ఆయన గ్యారీ అన్న రోజునే నాకు పొగగొట్టం గుర్తొచ్చింది. నిజం చెప్పాలంటే నేను దాన్ని ఏనాడూ మరిచిపోలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు, అంతే.

మాది ఇంగ్లండులో, అక్రింగ్టన్ అనే ఊళ్ళో వరస ఇల్లు. మిల్లు కార్మికుల కోసం ఎప్పుడో కట్టిన ఇళ్ళు, ఒకదాని భుజానికి ఒకటి ఆనుకుని కొండ పైదాకా ఎక్కి ఉంటాయి. పైన రెండే గదులు. వెనక గదిలో మా అమ్మాయిలిద్దరూ, పదిహేనేళ్ళ ఫ్రేయా, తొమ్మిదేళ్ళ టిల్డా, దువ్వెన దగ్గర్నుంచి కిటికీ దాకా ప్రతిదానికీ కొట్టుకుంటారు. అందుకని అటకను గదిగా చేసి పెద్దదానికి ఇవ్వాలని మా ఆలోచన. ఇప్పుడే కాదు, ఇంకో రెండేళ్ళకు. ముందు అటక ఖాళీ చేయాలి, ఎత్తు సరిపోతుందో లేదో, పైన నేల వేస్తే గోడలు మోస్తాయో లేదో ఇంజినీరుకు చూపించాలి, మెట్లు రాబోయే చోట ఏమీ బిగించకుండా వదిలెయ్యాలి.

పొగగొట్టం సంగతి ఇది. ఫ్రేయా పుట్టబోయే ముందు ఉయ్యాలకు చోటు చాలదని, వెనక గదిలో గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన ఇటుక దిమ్మను, అంటే పొగగొట్టం అడుగుభాగాన్ని, గ్యారీ మూడు రోజులు సుత్తితో కొట్టి తీసేశాడు. మా వీధిలో సగం మంది చేసిన పనే అది. గది అడుగున్నర పెరిగింది. కానీ ఆ దిమ్మ మీద నిలబడ్డ ఇటుకలు అటకలో అలాగే ఉన్నాయి, వాటి మీద కప్పు దాటి పైకి వెళ్ళిన గొట్టమూ ఉంది. కాళ్ళు తీసేశాక ఒళ్ళు దేనిమీద నిలబడ్డట్టు? ఆ ఒళ్ళు సరిగ్గా మా పిల్లల మంచాల మీద ఉంది.

"దాని కింద ఇనుప దూలం వేశావు కదూ?" అని ఆదివారం పొద్దున అడిగాను.

"వేసినట్టే అనుకో."

"అనుకోవడమేంటి? వేశావా, లేదా?"

గ్యారీ కెటిల్ వైపు తిరిగాడు. నీళ్ళు అప్పటికే మరిగాయి. అయినా మీట మళ్ళీ నొక్కాడు.

"వేద్దామనే అనుకున్నా బెవ్. ఇనుముకు చెప్పి ఉంచా కూడా. ఈలోగా ఫ్రేయా మూడు వారాల ముందే వచ్చేసింది. తర్వాత నిద్రల్లేవు, ఏమీ లేదు. అయినా ఇన్నేళ్ళూ పడలేదు కదా."

"పడలేదు కదా అంటావా? పడ్డాక అడగాలా నేను?"

మధ్యాహ్నానికల్లా పిల్లల పరుపులు కింద ముందుగదిలోకి లాగించాను. ఫ్రేయాకు ఒళ్ళు మండిపోయింది.

"పదిహేనేళ్ళు పడనిది, అమ్మా, నా పరీక్షల వారం చూసుకుని పడుతుందా?"

"పడేవి అలాంటి వారాలే చూసుకుంటాయి. ఆ దిండు పట్టు."

కిటికీలోంచి మా సందడి చూసి, పక్కింటి ఆర్నల్డ్ గారు గుమ్మంలోకి వచ్చారు. ఎనభై మూడేళ్ళ మనిషి, మగ్గాలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు.

"ఏంటమ్మా బెవర్లీ, ఇల్లు మారుతున్నారా?"

"లేదండీ, పైగదిలో తడి పట్టింది" అన్నాను. నోటికొచ్చిన అబద్ధం. మాకూ ఆయనకూ మధ్య గోడ ఉమ్మడిది, ఆ గొట్టమూ ఉమ్మడిదే, సగం ఆయనది. మా సగం కింద కాళ్ళు తీసేసి, ఆయన సగాన్ని కూడా గాలిలో పెట్టామని ఏ మొహంతో చెప్పను?

ఇంజినీరు గురువారం గానీ రానంది. ఆ నాలుగు రోజులూ నేను పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. బట్టల మిషను గిరగిరా తిరిగితే గోడ అదురుతుందని అన్నీ చేత్తోనే పిండాను. తలుపు గట్టిగా వేసిన వాళ్ళ మీద అరిచాను. అవతలి కాలిబాట మీద నిలబడి గొట్టాన్ని చూస్తే సోమవారం కుడివైపు ఒరిగినట్టు అనిపించింది, మంగళవారం ఎడమవైపు. బుధవారం గాలి లేచింది. ఆ రోజు నేను పనికే వెళ్ళలేదు.

గురువారం పదింటికి ఇంజినీరు వచ్చింది. సమీనా అని చిన్న వయసు అమ్మాయి, తలగుడ్డ మీద హెల్మెట్ పెట్టుకుని నిచ్చెన చకచకా ఎక్కేసింది. ఆమె వెనకే గ్యారీ ఎక్కి, గొట్టానికి ఆనించి పేర్చిన క్రిస్మస్ సామాను పెట్టెలు ఒక్కొక్కటే పక్కకు లాగుతున్నాడు. నేను నిచ్చెన మూడో మెట్టు మీద ఆగి, రెండు చేతులతో దాన్ని కావలించుకున్నాను.

పైన టార్చి వెలుగు కదలడం మానేసింది.

"ఇది ఎవరు వేశారండీ?" అంది సమీనా.

"ఏది?" అన్నాడు గ్యారీ.

"ఈ దూలం."

"దూలం లేదమ్మా" అన్నాను కింద నుంచే. "అదే మా బాధ. మేం వెయ్యలేదు."

"తనంతట తను ఎక్కి కూర్చోదు కదా ఆంటీ. వచ్చి చూడండి."

ఎలా ఎక్కానో నాకే తెలియదు. పెట్టెలు తీసిన చోట, ఇటుకల కింద, నా నడుమంత లావున కాకపోయినా నా తొడంత లావు ఇనుప దూలం ఉంది. రెండు ముక్కలు తెచ్చి బోల్టులతో కలిపారు. ఒక కొస వెనక గోడ మీద, ఇంకో కొస ఇంటి నడిమి గోడ మీద. దానికి వేసిన ముదురాకుపచ్చ రంగు చూడగానే గుర్తుపట్టాను. పక్కింటి గేటు, పక్కింటి తోటబల్ల, పక్కింటి నీళ్ళ పీపా, అన్నీ ఆ రంగే.

మా వరసలో ఉమ్మడి గోడ పైగదుల సీలింగు దాకానే ఉంటుంది. ఆ పైన అడ్డేమీ లేదు, అందరి అటకలూ ఒకే గుహ. సరిగ్గా అప్పుడే ఆర్నల్డ్ గారి వైపు చీకట్లో అటక మూత పక్కకు జరిగి, నలుచదరపు వెలుగులోంచి ఆయన తల లేచింది.

"తడి ఎక్కడ పట్టిందమ్మా?" అన్నారు.

"ముందు మీరు ఆ నిచ్చెన దిగండి, పడిపోతారు!"

"పడను గానీ, ఆ బోల్టుల జోలికి పోవద్దని చెప్పు."

"ఇది మీరే వేశారా?" అన్నాడు గ్యారీ.

"మరెవరు? నువ్వు మూడు రోజులు సుత్తి వాయిస్తే నా గోడ మీది ఫోటోలన్నీ రాలాయి. పైకొచ్చి చూస్తే ఏముంది, గొట్టం గాలిలో వేలాడుతోంది. నువ్వేమో బెవర్లీని తీసుకుని ఆసుపత్రికి పోయావు. ఫ్యాక్టరీలో పాత దోస్తులిద్దరిని పిలిచా, నా వైపు నుంచి దూర్చాం. మా ఆవిడ ఎడ్నా, పాపం, కింద నుంచి టీ అందిస్తూనే ఉంది."

"మరి చెప్పలేదేంటండీ?" అన్నాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

"నీకా? చెప్పుంటే పచ్చి బాలింతవి, బిడ్డను ఎత్తుకుని బస్టాండులో కాపురం పెట్టేదానివి. వీడే వచ్చి అడుగుతాడని చూశా. కంచె దగ్గర కనబడితే తల తిప్పుకుపోయేవాడు. కొన్నాళ్ళు తిప్పుకోనీ అనుకున్నా. తర్వాత వాడు తిప్పుకోవడం మానేశాడు, నేను చెప్పడం మరిచిపోయా. ఏటా చలి ముందు ఒకసారి వచ్చి బోల్టులు మాత్రం బిగించి పోతున్నా."

అంటే ఏటా అక్టోబరులో నాకు వినపడిన అడుగులు ఎలుకలవి కావు. రెండుసార్లు మందు కూడా పెట్టించాను.

"పదిహేనేళ్ళ నుంచి ఏటా పెట్టెలు తెచ్చి దాని మీదే ఆనించావు" అన్నాను గ్యారీతో. "ఒక్కసారి చూడలేదా కిందికి?"

"చూస్తే ఏం కనబడుతుందోనని భయం" అన్నాడు. నాదీ అదే రోగం కదా.

సమీనా కొలతలు తీసింది, సుత్తితో తట్టి విన్నది. "లెక్క వేసి కాగితం పంపిస్తాను. కానీ ఆంటీ, ఇది ఇలాంటి గొట్టాలు రెండింటిని మోస్తుంది. అక్కడక్కడ తుప్పు గీకి మళ్ళీ రంగు వేస్తే చాలు. ఎత్తు కూడా సరిపోతుంది. గది కట్టేటప్పుడు మాత్రం ఇళ్ళ మధ్య గోడను కప్పు దాకా లేపాలి, నిప్పంటుకుంటే పాకకుండా."

"హమ్మయ్య" అన్నారు ఆర్నల్డ్ గారు. "ఆ గోడ లేచాక అక్టోబరుకు నాకు సెలవు."

"దిగండి బాబూ ముందు" అన్నాను.

ఆయన దిగి, మా ఇంటికి వచ్చి రెండు కప్పులు టీ తాగి, గ్యారీని ఇంకో నాలుగు మాటలని వెళ్ళారు. గ్యారీ అన్నీ పడ్డాడు. గేటు దాకా వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏం చెప్పాడో నేను అడగలేదు.

అందరూ వెళ్ళాక పరుపులు పైకి లాగాను. ఒక్కదాన్నే లాగాను, గ్యారీ వచ్చేదాకా ఆగలేక. దుప్పట్లు పరిచాను. సరిగ్గా పరుచుకున్నాయో లేదో చూద్దామని ఫ్రేయా మంచం మీద వెల్లకిలా పడుకుని సీలింగు వంక చూశాను. కింద మిషను బట్టలు తిప్పుతోంది, గోడ కాస్త అదురుతోంది, అదరనీ.

కళ్ళు తెరిచేసరికి ఫ్రేయా బ్యాగు భుజాన వేసుకుని నా తల దగ్గర నిలబడి ఉంది.

"అమ్మా, లే. అది నా మంచం."

"తెలుసులే" అన్నాను. "ఇంకో పది నిమిషాలు."