మిషను వెనక మనిషి

బాళగనూరు దగ్గర, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపులో కాలవ గట్టు దిగగానే కనిపించే రేకుల షెడ్డు బాబ్జీది. ట్రాక్టర్లకు దమ్ము చక్రాలు, ట్రాలీ తొట్లు, ఇళ్ళకు గేట్లు చేస్తాడు. పనిమంతుడని పేరుంది. నాట్ల ముందు అతని షెడ్డు బయట ట్రాక్టర్లు బారులు తీరతాయి. చక్రాలు బిగించుకుని బండి కదిలాక మాత్రం దాని మీది మనిషి వెనక్కి తిరిగి చూడడు. బాబ్జీ కూడా పని సంగతి తప్ప రెండో మాట ఎత్తడు.

మొదటినుంచీ అతనిది ఇంత మౌనం కాదు. చాలా ఏళ్ళ కిందట మట్మారి వైపు నుంచి నాట్లు వెయ్యడానికి వచ్చిన కూలీల గుంపులో మద్దమ్మ ఉండేది. నాట్లయ్యాక గుంపు వెళ్ళిపోయింది, మద్దమ్మ వెళ్ళలేదు. కులం కాని పిల్లను చేసుకున్నాడని బాబ్జీ అన్న శ్రీరాములు అతన్ని గడప తొక్కనివ్వలేదు. అక్కడ మద్దమ్మవాళ్ళు ఆమె పేరెత్తడం మానేశారు. పిల్లలు కలగలేదు. దాంతో ఆ ఇద్దరికీ ఆ ఇద్దరే మిగిలారు.

షెడ్డులో రేకు రెండో కొస ఎప్పుడూ ఆమెదే. బాబ్జీ గ్యాసు కట్టరుతో గీత వెంట పోతుంటే, రేకు అదరకుండా మోకాలు ఆనించి పట్టుకునేది. "వంకర పోతున్నది, జరా సూడు," అనేది. నూటికి తొంభై పాళ్ళు ఆమె మాటే నిజమయ్యేది.

కిందటేడు కామెర్లొచ్చి మద్దమ్మ పోయింది. ఆ తర్వాత రేకు రెండో కొసకు బాబ్జీ క్లాంపులు బిగించడం మొదలుపెట్టాడు. క్లాంపు పట్టుకుంటుంది గానీ వంకర పోతోందని చెప్పదు. పనికి కుదిరినవాళ్ళు నాలుగు రోజులు కూడా నిలవలేదు. రోజంతా ఒక్క మాటైనా వినపడని షెడ్డులో ఉండలేమని ఒకడు మొహం మీదే చెప్పి పోయాడు. కోతలు సరిగ్గా రాక రెండు ట్రాలీ తొట్లు మళ్ళీ చెయ్యాల్సొచ్చాక, రేకులు కోసే షియరింగ్ మిషను కొనుక్కుంటే సరిపోతుందనిపించింది. కొత్తది తన వల్ల కాదు. మస్కిలో ఇనుము అమ్మే జగన్నాథ్ ఒక సంగతి చెప్పాడు. రాయచూరు అవతల మట్మారి పోయే దారిలో నారప్ప అని ఒకాయన షెడ్డు మూసేస్తున్నాడు, ఆయన దగ్గర పాత మిషనుంది, చూసిరమ్మన్నాడు.

నారప్ప పెద్ద మనిషి. ఎత్తు మనిషి కూడా. రైసు మిల్లులకు తొట్లు, గొట్టాలు చేసి బతికినవాడు. సుగరు వచ్చి కళ్ళు మసకేస్తున్నాయని పని వదిలేశాడు. షెడ్డులో మిగతా సామాన్లన్నీ అప్పటికే పోయాయి. ఒక మూల ఆ మిషనొక్కటే, వాననీటికి తడవకుండా తాటిపత్రి పట్టా కప్పుకుని ఉంది.

"ఏనుగసొంటిది," అన్నాడు నారప్ప తాటిపత్రి లాగుతూ. "సూసుకో. మొగమాటం పడకు. నేనేమన్నా అనుకోను."

బాబ్జీ నిదానంగా చూశాడు. పాత మిషనుకు కొత్త రంగు వేసి ఉంటే దాని కింద ఏదో దాచారని అర్థం. దీనికి రంగు వెయ్యలేదు. పక్క దిమ్మెలను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, పోత ఇనుములో ఎక్కడైనా వెంట్రుక సన్నం చీలిక ఉందేమోనని వేలితో తడిమాడు. ఫ్లైవీలును చేత్తో తిప్పి బుష్షులు ఎంత వదులయ్యాయో చూశాడు. నారప్ప కరెంటు వేశాడు. మోటారు అందుకుంది, ఫ్లైవీలు బరువుగా మూలిగి వేగం పట్టింది. పల్చటి రేకు ముక్కను ముందు ఎడమ కొసన, తర్వాత మధ్యలో, తర్వాత కుడి కొసన పెట్టి పెడలు తొక్కాడు బాబ్జీ. మూడుచోట్లా ఒకటే కోత. అంచు మీద గరుకు లేదు.

"బ్లేళ్ళు బాగున్నాయండి," అన్నాడు.

"బాగుంటయ్. నేనే సాన పట్టిస్తుంటి." నారప్ప మిషను ఆపి, దాని బల్ల మీద ఎడమ చెయ్యి పెట్టాడు. చూపుడు వేలు సగానికి లేదు. "ఒక్క మాట అడుగుత. నీ షెడ్ల ఎంతమంది ఉంటరు?"

"నేనొక్కణ్ణేనండి."

నారప్ప తల అడ్డంగా ఊపాడు. "అయితే ఇది నీకు ఇయ్యను. ముందల ఒకరు, ఎనక ఒకరు ఉండాలె దీనికి. కోసిన రేకు ఎనక పడతది. ఒక్కడే ముందలికీ ఎనకకూ ఉరుకుతుంటే ఒకనాడు కాలు పెడల్ మీద, చెయ్యి బ్లేడ్ కింద ఉంటది. మా బసవమ్మ ఎనక నిలవడినన్ని దినాలు నాకేం కాలే. ఆమె పుట్టింటికి పోయిన దినం ఈ ఏలు పాయె."

బాబ్జీకి మిషను చెయ్యిజారిపోతోందని అర్థమైంది. అంత దూరం బస్సుల్లో పడొచ్చి ఉత్త చేతులతో పోవాలా అనుకున్నాడు. నోటినుంచి మాట దానంతటదే వచ్చింది.

"పనివాళ్ళు లేరంటున్నానండి. మా ఆవిడ ఉంది. వెనకాల ఆవిడే నిలబడుతుంది."

"అట్ల చెప్పు మరి! ఏమంటరు ఆమె పేరు?"

"మద్దమ్మండి."

"మద్దమ్మా? మీరు ఆంధ్రోళ్ళు గద, గీ పేరేంది?"

"ఆవిడది ఇక్కడేనండి. మట్మారి."

నారప్ప మొహం విప్పారింది. "అరె! మా పక్కూరే. అయితే నాకు చెల్లె అయితది. నువ్వు బావవైతివి. ఇంతసేపు నిలవెట్టి మాట్లాడుతున్న జూడు." ఇంట్లోకి కేకేసి చాయ్ తెప్పించాడు. మద్దమ్మ రొట్టె చేస్తదా అని అడిగాడు. రేకు పట్టుకోను భయపడదా అని అడిగాడు. బాబ్జీ చెప్పుకుంటూ పోయాడు. ఆవిడకు దేనికీ భయం లేదండి, నిప్పురవ్వలు మీద పడ్డా కదలదండి, గీత వంకరపోతే నన్ను తిడుతుందండి. అన్నీ నిజాలే. ఉండేది అనాల్సినచోట ఉంది అన్నాడు, అంతే.

తిరుగు బస్సులో మాన్వి దాటాక గానీ తాను నవ్వుతున్నట్టు అతనికి తెలియలేదు. అతన్ని ఎవరైనా బావా అని పిలవడం అదే మొదలు. ఇంటికి చేరి గేటు తీస్తూ, మిషను కుదిరిందే అని కేకెయ్యబోయి నోరు మూసుకున్నాడు.

షెడ్డులో కాంక్రీటు దిమ్మె పోసి, ఆరాక కబురు పెట్టాడు. మిషను లారీలో వచ్చింది. సింధనూరు నుంచి హైడ్రా క్రేను వచ్చింది. లారీ డ్రైవరు పక్కన నారప్ప కూడా దిగాడు. బ్లేళ్ళ మధ్య సందు తాను దగ్గరుండి సరిచేస్తే గానీ తృప్తి ఉండదని ఫోనులో ముందే అన్నాడు. అందుకని బాబ్జీ పొద్దున్నే లేచి గోడమీది మద్దమ్మ ఫోటోను దండతో సహా తీసి పెట్టె అడుగున పెట్టాడు. జొన్నపిండి కలిపి, ఆమె చేసినట్టే తట్టి, రొట్టెలు చేశాడు.

"చెల్లె ఏది?" అన్నాడు నారప్ప లారీ దిగీదిగగానే. చేతిలో అరటిపళ్ళ హస్తం, పొట్లం కట్టిన రవికె గుడ్డ ఉన్నాయి.

"లింగసుగూరులో తెలిసినవాళ్ళ పెళ్ళండి. వంట చేసి వెళ్ళింది. మీరొస్తున్నారని చెప్పినా బస్సు దొరకదని..."

"పోనీ తియ్యి, పెండ్లి గద."

మిషను దిమ్మె మీద కూర్చునేసరికి ఎండ నడినెత్తికెక్కింది. బోల్టులు బిగించారు, మట్టం చూశారు. ఇద్దరూ గుమ్మంలో కూర్చుని తిన్నారు. నారప్ప మూడో రొట్టె తుంచుతూ, "చెల్లె చెయ్యి మంచిగున్నది బావా. అంచులు జరా మందమైనయ్ గాని, మా దిక్కు రుచే," అన్నాడు. బాబ్జీ కిందికి చూస్తూ ఇంకో రొట్టె వడ్డించాడు.

తిన్నాక మొదటి రేకు పెట్టారు. నారప్ప తానే మిషను వెనక్కి పోయి నిలబడ్డాడు. బాబ్జీ పెడలు తొక్కాడు. నిలువెత్తు రేకు ఒక్క దెబ్బకు తెగింది. అవతల దాన్ని రెండు చేతులు అందుకున్నాయి. ఏడాదికి పైగా ఆ షెడ్డులో రేకు రెండో కొసన నిలిచిన మనిషి లేడు. బాబ్జీ రెండో రేకు పెట్టాడు. మూడోది కూడా పెట్టాడు. కొయ్యాల్సిన అవసరం లేకపోయినా పెట్టాడు.

"చాలు బావా, నన్నే జీతానికి పెట్టుకుంటవా ఏంది!" అని నారప్ప నవ్వాడు. పోయేముందు మిషను వెనక ఎక్కడ నిలబడాలో కాలితో గీత గీసి చూపించాడు. "ఈడ నిలవడమని చెప్పు చెల్లెకు. ఇంతకన్న దగ్గరికి రావద్దను. ఈ గుడ్డ ఆమెకియ్యి. పోయొస్త."

ఆ తర్వాత నారప్ప ఆదివారం సాయంత్రాలు ఫోను చేసేవాడు. పని వదిలేశాక ఆయనకూ పొద్దు పోదు. మోటారు ఎట్లా ఉంది, బుష్షులకు నూనె పోస్తున్నావా అని మిషను గురించి మొదలుపెట్టి, "చెల్లె ఎట్లున్నది?" అనేవాడు. బాగుందండి అనేవాడు బాబ్జీ. మొదట్లో అంతటితో ఆగేవాడు. తర్వాత తర్వాత, మోకాలు నొప్పంటోందండి అనీ, దొడ్లో చిక్కుడు పాదు పెట్టిందండి అనీ కలపసాగాడు. ఫోటో పెట్టెలోనే ఉంది. ఒకసారి నారప్ప, ఫోను చెల్లెకియ్యి మాట్లాడుత అన్నాడు. నీళ్ళకు వెళ్ళిందండి అన్నాడు బాబ్జీ. చిక్కుడు పాదు మాత్రం నిజంగానే పెట్టాడు.

రోజూ పనిలో మిషను ముందూ వెనకా అతనొక్కడే. వెనక కోసిన రేకు జారి పడేట్టు ఏటవాలుగా ఒక తొట్టి అతికించుకున్నాడు. రేకులు అందులో దభాలున పడేవి. గీత దగ్గర ఎవరూ లేరు. అయినా నడిచేటప్పుడు దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి పోయేవాడు.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఫోను రాలేదు. పై ఆదివారమూ రాలేదు. ఒంట్లో బాగాలేదేమోనని బాబ్జీ తానే చేశాడు. మోగి మోగి ఆగిపోయింది.

ఆ తర్వాత మూడు రోజులకేమో, పొద్దున దమ్ము చక్రానికి పట్టీలు కోస్తుంటే గట్టు మీద ఆటో ఆగింది. నారప్ప దిగి, కర్రతో దారి వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. బాబ్జీ మిషను ఆపి కుర్చీ వేశాడు. నారప్ప కుర్చీలో కూర్చోలేదు. భుజం మీది తువ్వాలు తీసి, షెడ్డు గుమ్మం పక్కన నేల మీద కూర్చున్నాడు.

"మట్మారి జాత్రకు పోయిన," అన్నాడు. "చెల్లె అన్నగార్ని అడిగి కనుక్కున్న. మీ బావ నాకూ బావే, మీ చెల్లె సంగతి చెప్త అని ఖుషీగ కూసున్న ఆడ. సచ్చిపోయి ఏడాది దాటె గద అనె ఆయన."

బాబ్జీ మిషను వైపు చూశాడు. ఫ్లైవీలు ఇంకా ఆగలేదు.

"మిషను కోసం అన్నవా గా మాట?"

"మొదట మిషను కోసమేనండి." బాబ్జీ బల్ల మీది పట్టీని పక్కకు జరిపాడు. "తర్వాత... మీరు అడుగుతుంటే బాగుండేదండి. ఎలా ఉందని అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు."

నారప్ప తువ్వాలును మోకాళ్ళ మీద మడత పెట్టుకున్నాడు. కోపం వచ్చిందో, తగ్గిందో ఆ మసక కళ్ళలో తెలియలేదు. చివరికి, "కూసో," అన్నాడు. బాబ్జీ ఎదురుగా కింద కూర్చున్నాడు.

"ఎట్లయ్యె?"

మనిషి పోయిన ఇంటికి పలకరించడానికి వచ్చినవాళ్ళు అడిగే మాట అది. మద్దమ్మ పోయినప్పుడు ఆ గుమ్మానికి అలా ఎవరూ రాలేదు. అన్న రాలేదు, మట్మారి నుంచి ఎవరూ రాలేదు. క్యాంపువాళ్ళు దూరంగా నిలబడి చూసి పోయారు. ఎట్లయిందని అడిగినవాడు లేడు గనక బాబ్జీ చెప్పిందీ లేదు. ఇప్పుడు చెప్పాడు. మొదట కళ్ళు పచ్చబడితే ఎండకనుకున్నామండి, అన్నాడు. పసరు మందు తాగించాను, అదే తప్పు చేశాను. సింధనూరు ఆసుపత్రికి తీసుకుపోయేసరికి మాట తడబడుతోంది. అప్పుడు కూడా గేటు తాళం వేశావా అని అడిగింది. చెబుతూ చెబుతూ అతను ఏడ్చాడు. నారప్ప ఓదార్చలేదు. ఊఁ అంటూ, తువ్వాలుతో తన కళ్ళు తుడుచుకుంటూ, చివరిదాకా విన్నాడు.

నీళ్ళిస్తే వద్దన్నాడు. లేచి కర్ర ఆనించుకుంటూ మిషను వెనక్కి పోయాడు. ఏటవాలు తొట్టిని అంచు వెంబడి తడిమి చూశాడు.

"చేతులు భద్రం బాబ్జీ," అన్నాడు.

బావా అనలేదు. అతని భుజం ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, ఇంకేమీ అనకుండా గట్టెక్కి ఆటోలో కూర్చున్నాడు. పలకరింపుకొచ్చినవాళ్ళు పోయొస్తానని చెప్పకూడదు. ఆ ఆచారం ఆంధ్రావాళ్ళలోనూ ఇక్కడివాళ్ళలోనూ ఉన్నదే. నారప్ప దాన్ని పాటించే చెప్పకుండా పోయాడో, మళ్ళీ వచ్చేది లేదని పోయాడో బాబ్జీకి అంతుపట్టలేదు. ఆటో కాలవ మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చాడు. ఆ సాయంత్రం పెట్టెలోంచి ఫోటో తీసి, ఎండిన దండ తీసేసి, మళ్ళీ గోడకు తగిలించాడు.

మిషను మంచిది. కోతలు సూటిగా వస్తున్నాయి. పని పెరిగింది, మస్కి నుంచి కూడా ట్రాలీలు వస్తున్నాయి. ఆదివారాలు కూడా షెడ్డు తెరిచే ఉంచుతాడు. అయితే ఆదివారం పొద్దు వాలేవేళకు మాత్రం మిషను ఆపేస్తాడు. అది తిరుగుతుంటే ఫోను మోగినా వినపడదు.