ఎర్ర చెవులవి తొమ్మిది

బుజ్జిగాడికి ఎనిమిదో నెల వచ్చింది. పాకడానికి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు. అయినా వాళ్ళమ్మ వాణ్ణి ఇరవై రోజులుగా చంక దింపలేదు. వంట చేసినా, బట్టలు ఆరేసినా, తల దువ్వుకున్నా వాడు నడుం మీదే. ఎడమ భుజం కుడిదానికంటే రెండంగుళాలు కిందికి జారిపోయిందని ఆమెకు అనుమానం.

కారణం వంటింటి నేల. గట్టు కింద నాలుగు పలకలు లేచిపోయి, వాటి అడుగున ఎలకలు కాపురం పెట్టాయి. పసిపిల్లల కాలివేళ్ళు ఎలకలు కొరుకుతాయని ఎవరో ఎప్పుడో అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు గానీ ఆ మాట మాత్రం గుండెలో తిష్ఠ వేసింది. రోజుకు ఆరుసార్లు వాడి కాలివేళ్ళు లెక్కపెట్టుకునేది. ఆరుసార్లూ పదే ఉండేవి.

పై అంతస్తులో ఉండే ఇంటాయనకు చెబితే ఆయన తేలిగ్గా తీసిపారేశాడు.

"ఒకటో రెండో ఉంటాయమ్మా. దానికి నేలంతా తవ్విస్తానా? ఇరవై దాటాయని తేల్చు, రేపే మేస్త్రీని పిలుస్తా."

"తేల్చడానికేముంది బాబాయిగారూ, మా వంటింట్లో పది నిమిషాలు కూచోండి. మీ కాళ్ళమీంచే పోతాయి."

"అట్లా కాదు. మీ ఆయనకు జంతువుల్ని లెక్కపెట్టే ఉద్యోగం కదా. పద్ధతిగా లెక్క కట్టి, కాగితం మీద రాసివ్వమను."

అడవిలో జింకలు ఎన్ని ఉన్నాయో తేల్చడం ఆమె మొగుడి పని. ఆ పని గురించి ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇంటాయన మాట చెవిన పడగానే ఆయనకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

"కొన్నిటిని పట్టుకుని, గుర్తు పెట్టి వదిలేస్తాం. మళ్ళీ కొన్నిటిని పడతాం. ఈసారి పడ్డవాటిలో సగానికి గుర్తుంటే, మొత్తం మందలో సగానికి మనం గుర్తు పెట్టినట్టు. పదింట ఒకదానికే ఉంటే, మొదట పట్టినవాటికి పదింతలు ఉన్నట్టు. అర్థమైందా?"

"అన్నిటినీ పట్టేసి లెక్కపెడితే పోలా?"

"అడవిలో అన్నిటినీ ఎట్లా పడతాం?"

"ఇది వంటిల్లు కదండీ."

"ఎక్కడైనా పద్ధతి పద్ధతే."

ఆమె ఏడో తరగతి సగంలో బడి మానేసిన మనిషి. లెక్కల దగ్గర మొగుడితో వాదన పెట్టుకోదు.

రెండు వైరు బోనుల్లో రొట్టె ముక్కలు పెడితే మూడు రోజుల్లో తొమ్మిది పడ్డాయి. జింకలకైతే చెవికి బిళ్ళ వేస్తారు. ఎలకకు వేస్తే బిళ్ళ కిందే ఎలక కనబడకుండా పోతుంది. చివరికి ఆమె పెళ్ళినాటి గోళ్ళరంగు సీసా బయటికి తీశారు. ఆయన చేతులకు తోలు తొడుగులు వేసుకుని ఒక్కొక్కదాన్నీ పట్టుకుంటే, ఆమె బిడ్డను చంకనేసుకునే, ఊపిరి బిగబట్టి, కుడి చెవికి ఎర్రరంగు పూసింది. అయిదోదాని వంతు వచ్చేసరికి బుజ్జిగాడు కిలకిలా నవ్వాడు.

"ఎక్కడ పట్టామో అక్కడే వదలాలి. మర్చిపోకు" అని చెప్పి ఆయన ఆఫీసుకు వెళ్ళిపోయాడు.

ఆమె తొమ్మిదింటినీ వేసిన బోను పట్టుకుని గట్టు ముందు నిలబడింది. నానా తంటాలూ పడి పట్టినవాటిని చేతులారా తన బిడ్డ ఉన్న ఇంట్లోకే వదలాలి. చెయ్యి రాలేదు. మెల్లగా మెట్లెక్కి, ఇంటాయన వరండా చివర బోను తలుపు తీసి, వెనక్కి చూడకుండా దిగి వచ్చేసింది.

వారం ఆగి మళ్ళీ బోనులు పెట్టారు. ఈసారి పన్నెండు పడ్డాయి. ఒక్కదానికీ ఎర్ర చెవి లేదు.

ఆయన కాగితం మీద రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, తల పట్టుకున్నాడు. "సున్నాతో భాగించాల్సి వస్తోంది."

"అంటే?"

"అంటే ఎన్నయినా ఉండొచ్చు. లక్ష ఉండొచ్చు, కోటి ఉండొచ్చు. లెక్కకు అందవు."

నాలుగు పలకల కింద కోటి ఎలకలు. ఆమె బుజ్జిగాణ్ణి చంకలోంచి భుజం మీదికి ఎక్కించింది.

కబురు తెలిసి ఇంటాయన దిగి వచ్చాడు. "అంకె తేలలేదన్నమాట. అయితే ఇరవై దాటనట్టే."

"దాటనట్టు కాదు బాబాయిగారూ, చెప్పలేమన్నట్టు" అన్నాడు మొగుడు.

"చెప్పలేనిదానికి నేల తవ్విస్తారా ఎవరైనా?"

చెప్పలేనిది ఇరవై కంటే ఎక్కువా తక్కువా అని ఇద్దరూ పావుగంట వాదించుకున్నారు. ఆమె బోను వైపు చూస్తూ, కాలివేళ్ళు లెక్కపెట్టే అలవాటులో వేళ్ళు ముడుచుకుంటోంది.

"ఏమండీ, అవి తొమ్మిది, ఎర్ర చెవులవి. ఇవి పన్నెండు, వీటికి ఎరుపు లేదు. అంటే అవి వేరు, ఇవి వేరు. తొమ్మిదీ పన్నెండూ ఇరవై ఒకటి కాదూ?"

ఇద్దరూ ఒకేసారి బోను మీదికి వంగారు.

"అట్లా కూడరు" అన్నాడు మొగుడు, కాస్త నొచ్చుకుని. "అది పద్ధతి కాదు."

ఇంటాయన తేరుకున్నాడు. "రంగు నాకేసుకుని ఉంటాయి. ఆ తొమ్మిదీ వీటిలోనే ఉన్నాయి. ఇంకో మూడు కొత్తవి. మొత్తం పన్నెండే."

ఇంతలో మెట్ల మీంచి ఇంటావిడ దిగింది. చేతిలో బోను, బోనులో నాలుగు ఎలకలు, నాలుగింటికీ నిగనిగలాడే ఎర్ర చెవులు.

"వీటికి సింగారం చేసిందెవరో చెప్పండి ముందు. వారం నుంచి మా ఇంట్లో పెళ్ళివారిలా తిరుగుతున్నాయి. ఇంకా అయిదు బీరువా వెనక ఉన్నాయి."

"లెక్కపెట్టావా?" అన్నాడు ఇంటాయన నీరసంగా.

"చెవులు మెరుస్తుంటే లెక్కపెట్టక ఏం చెయ్యను?"

మొగుడు నెమ్మదిగా ఆమె వైపు తిరిగాడు. "పట్టినచోటే వదలమన్నానా లేదా?"

"మీ జింకలకు మీ కొడుకు వేళ్ళు అందవు కదండీ."

ఇంటాయన మోసం, కుట్ర అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఇంటావిడ సాగనివ్వలేదు. "మేస్త్రీని పిలవండి. కింద అయ్యాక మన బీరువా వెనక కూడా చూడమనండి."

మొగుడు కాగితం మీద 'కనీసం ఇరవై ఒకటి' అని రాసి, 'కనీసం' కింద రెండు గీతలు గీసి, సంతకం పెట్టాడు. పట్టినవాటిని, బీరువా వెనక దొరికినవాటిని, పలకల కింద బయటపడ్డవాటిని తన అడవికే తీసుకుపోయి వదిలేశాడు. ఎన్నో మాత్రం లెక్కపెట్టలేదు.

కొత్త నేల ఆరింది. ఆమె మూలమూలా మడమతో తొక్కి చూసింది. బుజ్జిగాడి వేళ్ళు ఇంకోసారి లెక్కపెట్టి, వాణ్ణి నేల మీద దింపింది.

వాడు కదల్లేదు. ఇన్నాళ్ళ చంక అలవాటు మరి. రెండు చేతులూ పైకెత్తి ఏడుపు లంకించుకున్నాడు.

ఆమెకు ఎత్తుకుందామనే అనిపించింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. కాసేపు చూసి, గట్టు మీది రొట్టెలోంచి ఒక ముక్క తుంచి, నాలుగడుగుల దూరంలో పెట్టింది.

వాడు ఏడుపు ఆపి రొట్టె వైపు చూశాడు.