నాంచారయ్యకు మాసిన నీలము

వర్షర్తువు కడచి శరత్కాల మరుదెంచుటయు కృష్ణాసాగరసంగమ సమీపసైకతములయందు రెల్లుపూలు విరిసి యుప్పుగాలికి దలలూఁచుచుండ, కడిగిన యింద్రనీలఫలకమువలె నిర్మలమైన గగనతలమున మేఘశకల మొక్కటియైన లేక మార్తాండుఁడు నిరాటంకముగా వెలుఁగుచుండ, అద్దకపువారి నివాసమగు కొత్తమడ గ్రామమున నీలిబానలనుండి వెలువడు పులిసిన వాసన వీథివీథిని వ్యాపించుచుండెను. అట్టి ప్రసన్నకాలమున నెల్లరును బ్రసన్నచిత్తులై తమతమ పనులయందు మునిఁగియుండ నొక్కనికి మాత్రము కుదురు లేకుండెను. అతఁడు పెద్దింటి నాంచారయ్య.

నాంచారయ్య యఱువదిరెండేండ్ల వాఁడు. బాల్యమునుండియు బానలలో చేతులు ముంచినవాఁ డగుటచే మోచేతులవఱకు నతని చర్మమునకుఁ బట్టిన నీలి యెంత తోమినను వీడకుండెను. అతఁ డద్దిన వస్త్రమును జూచినవారు వానకారు మబ్బునకును నెమలికంఠమునకును నడుమ నుండు నా వర్ణము వేఱొకని చేతికి రాదని చెప్పుకొనుచుందురు. ముదిమి యతనియొద్దకుఁ దన గుఱుతుల నొక్కటొక్కటిగాఁ బంపుచునే యుండెను. తొలుత కణతలు నెరసెను. పిదప మెట్లెక్కునపుడు మోఁకాళ్లు మొఱపెట్టఁ జొచ్చెను. ముంజేతులపై చర్మము పలుచనై ముడుతలు వడెను. దంతములు రెండు రాలిపోయెను. వీనినన్నిటిని నాంచారయ్య పెద్దగా వగవక యోర్చుకొనెను. బాన చెడకుండినంతవఱకు దేహ మేమైన నేమని యతని ధైర్యము.

ఆ యేఁడు కార్తికమున జరుగు రథోత్సవమునకై పొరుగూరి కేశవాలయ ధర్మకర్త రథముపైఁ గట్టు మేలుకట్టును మేఘవర్ణమున నద్దుమని యిరువది మూరల నేఁతవస్త్రమును బంపెను. నాంచారయ్య దాని నలవాటు చొప్పున నాఱుమాఱులు ముంచి యెండలోఁ బఱపించి చూచెను. నీలము బూడిద చల్లినట్లు వెలవెలఁబోయి కనఁబడెను. మఱల ముంచెను. బూడిద పోదయ్యెను. సున్నము మార్చెను. బాన పులియుటకు వేయు తగిరిసగింజలు క్రొత్తవి యుడికించి పోయించెను. నీరు చెడినదేమోయని వేఱొక బావినుండి తెప్పించెను. తెల్లవాఱకమున్నే లేచి బానలచుట్టు దిరుగును. భోజనమునకుఁ గూర్చుండి సగములో లేచి తడిచేతితోనే పెరటికిఁ బోవును. ఆఱిన వస్త్రమును విప్పి మడిచి మఱల విప్పును.

అతనియొద్ద నిరువదియేండ్లుగా బానలను గాచుచుండిన మౌలాలి యను నడివయసువాఁడు మితభాషి. అతఁడు నాంచారయ్యను మామా యని పిలుచుచుండును. తొమ్మిదవ ముంపునకు వస్త్రము నెత్తఁబోవుచున్న యజమానునితో నతఁ డిట్లనియెను.

“మామా, ఆఱు ముంపులు చాలును. ఇఁక ముంచినచో నల్లవడును.”

“ఈ బూడిద నీకు నీలముగాఁ దోఁచుచున్నదా?”

“నాకుఁ గనఁబడినది చెప్పితిని.”

ఆ నెమ్మది మాట నాంచారయ్య మనస్సున ముల్లై గ్రుచ్చుకొనెను. నీరు మంచిది, సున్నము మంచిది, గింజలు మంచివి, మిగిలినది నీలిమందు. ఆ మందును నూఱి బానలోఁ గలుపువాఁడు మౌలాలి. ఇట్లొక్కొక్క మెట్టుగా దిగివచ్చిన యనుమానము నాఁటి మధ్యాహ్నమునకు నిశ్చయమై కూర్చుండెను. పనివారు పండ్రెండుగురు వినుచుండ నాంచారయ్య యిట్లు పలికెను.

“మేలిమిమందు నెవ్వరికో చేరవేసి పొట్టుమందు నా బానలోఁ గలుపుచున్నావు. ఇరువదియేండ్లు తిన్న యుప్పు నీకు జ్ఞప్తికి రాలేదా?”

మౌలాలి చేతితెడ్డును బాన యంచున నానించి చేతులు కడుగుకొనెను. “మందు పెట్టె తాళము వెంకాయమ్మపిన్ని యొద్ద నున్నది. ఆమె నడుగవచ్చును. నీ వడుగవు. నేను బోయెదను మామా” యని యుత్తరీయము భుజమున వైచుకొని వెడలిపోయెను. వెంకాయమ్మ నాంచారయ్య చెల్లెలు. వితంతువై యన్నయింటనే యుండి గృహభారము వహించునది. ఆమె యేమో చెప్పఁబోఁగా నన్న చేయెత్తి వారించెను.

నాంచారయ్య పండ్రెండవ ముంపువఱకుఁ దానే ముంచి వస్త్రమును బంపెను. మూఁడవనాఁడే యది తిరిగి వచ్చెను. తెచ్చినవాఁడు తల వంచుకొని ధర్మకర్త మాటగా నిట్లు చెప్పెను. “మేఘశ్యామునకు మేలుకట్టు నడిగితిమి. మీ రమావాస్యను బంపితిరి.”

నాంచారయ్య కోపముతో లోని కేఁగి తన ముప్పదవయేట నద్ది దాఁచుకొన్న వస్త్ర మొకటి పెట్టె యడుగునుండి తీసి చెల్లెలి యెదుటఁ బఱచెను. నా నీలమన నిది యని చూపుటకే దానిని దీసెను. కాని పఱచిన పిమ్మట దానిపై వంగి చూచెను. అదియు బూడిదవలెనే కనఁబడెను.

“ఇదియు వెలసినదా?”

“లేదన్నా, నిన్న నద్దినట్లున్నది. వెలుపలి యాకాశ మెట్లున్నదో యిదియు నట్లే యున్నది.”

అతఁడు పెరటిలోనికి వచ్చి తల యెత్తెను. పాతచేటవలె మాసిన గగన మొకటి కనఁబడెను. “నేఁడు మబ్బు పట్టినదా?” యని యడిగెను. వెంకాయమ్మ యన్న కన్నులలోనికిఁ జూచెను. “ఒక్క మబ్బును లేదన్నా” యనియెను.

మఱునాఁ డామెయే యతనిని బట్టణమునకు దోడ్కొనిపోయెను. కంటివైద్యుఁడు వరాహశర్మ ఱెప్పల నెత్తి దీపము దగ్గఱించి చాలసేపు పరీక్షించి యిట్లు చెప్పెను. “ఇది రోగ మనఁజాలను. కంటిలోపల నద్దమువంటి మణి యున్నది. బాల్యమున నది స్ఫటికము. ఏండ్లు గడచినకొలఁది పండుటాకువలెఁ బసుపెక్కును. పసుపుటద్దములోనుండి చూచువానికి నెఱుపు మిగులును, నీలము మాయును. మెల్లగా వచ్చునది గావున వచ్చినట్లు తెలియదు. ఈ చూపు నీవు దారి నడచుటకుఁ జాలును. నీ పనికిఁ జాలదు.”

తిరుగుదారిలో నాంచారయ్య తనలోఁ దానే తలపోసెను. నెరసిన కణతల నద్దము చెప్పినది. మోఁకాళ్ల సంగతి మెట్లు చెప్పినవి. రాలిన దంతముల చోటు నాలుక యెఱిఁగినది. కన్ను తప్పినదని చెప్పుటకు మఱియొక కన్ను వలయును. ఆ కన్ను చెప్పియే యుండెను. దాని నతఁడు దొంగ యని వెడలఁగొట్టెను.

మఱునాఁటి యుదయమున మోఁకాళ్లు వారించుచున్నను రెండుకోసులు నడచి మౌలాలి తలదాఁచుకొన్న బావమఱది యింటికిఁ బోయెను. మౌలాలి పంచలో వల యల్లుచుండెను. లేచి పీఁట వైచెను గాని ముఖమున నగవు లేదు.

“మౌలాలీ, మందు మంచిదే. చెడినది నా కన్ను” అని నాంచారయ్య వైద్యుని మాటలన్నియుఁ జెప్పెను.

మౌలాలి వలదారమును ముడివైచి తెంపెను. “ఈ మాట నాకొక్కనికిఁ జెప్పుట కింతదూరము నడువ నక్కఱలేదు మామా. పండ్రెండుగురు వినుచుండ దొంగ నంటివి. వారు వినుచుండఁ గాదనుము.”

“నా కన్ను సంగతియు వారికిఁ జెప్పవలయునా?”

“అది నీ యిష్టము.”

నీలము కానరాని నీలివాఁడని యొక్క నోట వెలువడినచో నేఁబదియేండ్ల పేరు నేలఁ గలియును. దాఁచినచో మౌలాలిపై నీడ యెప్పటికిని సగము నిలిచియే యుండును. నాంచారయ్య లేచి “రమ్ము” అనియె.

బానల యెదుటఁ బండ్రెండుగురును గుమిగూడిరి. “మౌలాలి దొంగ కాఁడు” అని నాంచారయ్య చెప్పెను. అచట నాపవచ్చును. కాలు నిలువక రెండడుగులు వేసి మఱల నిలిచి “నాకు నీలము కనఁబడుట లేదు” అనెను. మౌలాలి వంగి బాన యంచుననున్న తెడ్డు నందుకొనెను.

మఱల నద్దుమని ధర్మకర్త వేఱొక వస్త్రమును బంపెను. ఉత్సవమున కాఱుదినములే మిగిలియుండెను. నాంచారయ్య బానపై వంగి వాసన చూచెను. నురుగును వ్రేళ్లనడుమ రాచి జిగురు చూచెను. ముక్కున కేమియు వయసు రాలేదు. సున్న మింత యనియు, కలయఁబెట్టుట కింత సే పనియు నతఁడు చెప్పఁగా మౌలాలి చేసెను. ఆఱవ ముంపునుండి వస్త్రము పచ్చగా లేచి, ఆఱవేయు తీఁగలపై గాలి సోఁకినకొలఁది రంగు మాఱఁ జొచ్చెను. నాంచారయ్యకుఁ బచ్చదనము బూడిదగుట మాత్రమే కనఁబడెను. అతని చేతులు వస్త్రపుటంచును బట్టి మఱల బానవైపు సాగెను.

“చాలును మామా.”

“ఎట్లున్నది?”

మౌలాలి తొందరపడక వస్త్రమును మొదటినుండి చివరవఱకుఁ జూచెను. “వాన కురియుటకు మున్ను సముద్ర మున్నట్లున్నది.”

అది నిజమో యోదార్పో తెలిసికొనుట కతనికి మార్గము లేదు. ఇంకొక్క ముంపని హృదయము కొట్టుకొనుచునే యుండెను. నీలిపట్టిన యా ముసలివ్రేళ్లు కొంతసేపు తడియంచును బిగించి పట్టి, పిదప నొక్కటొక్కటిగా సడలి విడిచెను; విడిచినంతనే గాలి క్రిందికిఁ జొచ్చి యిరువది మూరల వస్త్రమును దీఁగలపై నొక్కసారిగా నుబ్బించెను.